చిన్న కాలేజీల అమ్మాయిల సాకర్ జట్లలో ఏది మెరుగో ఎలా పోల్చుకోవాలి?

మీ అమ్మాయికి మూడు కాలేజీల కోచ్‌లు ఉత్తరాలు రాశారన్నారు. ఒక జట్టు పోయినేడు 15 గెలిచి 2 ఓడింది. ఇంకొకటి యూఏఏ అనే కాన్ఫరెన్స్‌లో (ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల బృందం) ఆడుతూ గెలుపోటములు దాదాపు సమానంగా ముగించింది. మూడోది స్కాలర్‌షిప్ ఇస్తానంటున్న ఎన్‌ఏఐఏ కాలేజీ, అంటే ఎన్‌సీఏఏ కాకుండా చిన్న కాలేజీలకున్న వేరే క్రీడా సంఘంలోది. వీటిలో ఏ జట్టు గట్టిదని కదా మీ ప్రశ్న. మా పెద్దమ్మాయి డివిజన్ 3లో, అంటే అమెరికా కాలేజీ క్రీడల పెద్ద సంఘమైన ఎన్‌సీఏఏలో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వని అంచెలో, డిఫెండర్‌గా ఆడింది. ఆ నాలుగేళ్లలో గట్ల మీద నిలబడి చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందుగా ఆ 15-2ను పక్కన పెట్టండి. డివిజన్ 3లో అమ్మాయిల జట్లు 400కు పైగా ఉన్నాయి. వాటి మధ్య అంతరం మనం ఊహించేదానికన్నా చాలా ఎక్కువ. యూఏఏలో ఉన్నవి 8 కాలేజీలే: ఎమరీ, షికాగో, వాషింగ్టన్ యూనివర్సిటీ ఇన్ సెయింట్ లూయిస్, ఎన్‌వైయూ లాంటివి. అక్కడ తేలికగా గెలిచేసే వారమంటూ ఉండదు. 2016 జాతీయ టైటిల్ సెయింట్ లూయిస్ జట్టుది. 2022 ఫైనల్లో జాన్స్ హాప్‌కిన్స్ చేతిలో ఓడిన కేస్ వెస్టర్న్ కూడా యూఏఏ జట్టే. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, టఫ్ట్స్ ఉన్న నెస్కాక్ కాన్ఫరెన్స్ కూడా అలాంటిదే. 2015, 2017, 2018 టైటిళ్లు విలియమ్స్‌వి. ఇలాంటి చోట సగం మ్యాచ్‌లు గెలిచిన జట్టు బలహీనమైన కాన్ఫరెన్స్‌లోని ఛాంపియన్‌ను ఓడిస్తే నేనేమీ ఆశ్చర్యపోను. 2022 నుంచి లీగ్ మ్యాచ్‌లకు అదనపు సమయం తీసేశారు కాబట్టి డ్రాలు కూడా పెరిగాయి. డ్రాలు ఎక్కువున్నాయని జట్టును చిన్నచూపు చూడకండి.

ప్రత్యర్థుల బలాన్ని లెక్కలోకి తీసుకునే కొలతలు ఉన్నాయి. మాసీ రేటింగ్స్ చూడండి. జాతీయ టోర్నమెంట్‌కు జట్లను ఎంచడానికి డివిజన్ 3 వాళ్లు 2024 నుంచి ఎన్‌పీఐ అనే సూచీ వాడుతున్నారు, అదీ చూడండి. ఒక్క ఏడాది కాకుండా మూడు నాలుగేళ్లు వరసగా చూడాలి. మేముండేది పెన్సిల్వేనియాలో కనక అక్కడి మెస్సయ్య యూనివర్సిటీ పేరు చెప్పక తప్పదు. 2008 నుంచి 2012 దాకా ఐదేళ్లలో నాలుగు టైటిళ్లు, మళ్లీ 2019లో ఒకటి. ఒక మంచి బ్యాచ్ వచ్చి వెళ్లిపోతే ఇలా జరగదు. కొత్తగా వచ్చే పిల్లల్ని ఏటా తయారుచేసుకునే పద్ధతి ఉంటేనే సాధ్యం.

అంకెల తర్వాత ఆట చూడండి. చాలా కాలేజీలు మ్యాచ్‌లను ఆన్‌లైన్‌లో పెడతాయి. గోల్స్ కోసం కాదు, రెండో సగం మధ్యలో ఏం జరుగుతోందో చూడండి. కాలేజీ సాకర్‌లో మార్పులు ఐదుగురితో ఆగవు, బయటికెళ్లిన పిల్ల రెండో సగంలో తిరిగి రావచ్చు కూడా. అందుకే బెంచ్ బలమే జట్టు బలం. నాకు బాగా గుర్తున్న మ్యాచ్ ఒకటుంది. గంట దాటాక ఒక కోచ్ ఒకేసారి నలుగుర్ని మార్చింది. కొత్తగా వచ్చిన సెంటర్ బ్యాక్, మీద ఇద్దరు పడుతున్నా కంగారుపడలేదు. బంతిని కుడికాలితో ఆపి, ఒళ్లు తిప్పి, మిడ్‌ఫీల్డ్‌లో ఖాళీగా ఉన్న పిల్లకు నేల మీదే అందించింది. అవతలి జట్టులో కూడా మార్పులు జరిగాయి. కానీ అక్కణ్నుంచి వాళ్లకు బంతి దొరకడమే ఆలస్యం, ముందుకు బాదడమే. స్కోరు 1-0 మాత్రమే, కానీ తేడా స్కోరులో కనబడని తేడా.

నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది రోస్టర్‌కు, అంటే జట్టులోని వాళ్ల జాబితాకు. కాలేజీ వెబ్‌సైట్లలో పాత ఏళ్ల రోస్టర్లు ఉంటాయి. మూడేళ్ల కిందట ఫస్ట్ ఇయర్‌లో చేరినవాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లలో ఎంతమంది ఇప్పుడు సీనియర్లుగా మిగిలారో చూడండి. పదిమంది చేరి ముగ్గురే మిగిలితే, మిగతావాళ్లు ఎందుకు మానేశారో కోచ్‌ని నేరుగా అడగాలి. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ లేదు, కాబట్టి ఇష్టం చచ్చిపోతే పిల్లలు నిలవరు. మోకాలి గాయాలవల్ల కొందరు మానుకుంటారు, అది వేరే సంగతి. అమ్మాయిల్లో ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) తెగడం ఎక్కువ కాబట్టి గాయాలు చూసే ట్రైనర్లు ఎవరు, ప్రాక్టీసుకు రోజూ వస్తారా అనీ అడగండి. పిల్లని ఒక రాత్రి జట్టు అమ్మాయిలతో ఉండనివ్వమంటే చాలా కోచ్‌లు ఒప్పుకుంటారు. ఆ కబుర్లు మనకు చెప్పరు, మన పిల్లలకు చెబుతారు.

డబ్బు సంగతి. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ లాంటివి ఆర్థిక అవసరాన్ని బట్టే సాయం చేస్తాయి, మార్కులకు విడిగా స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ఇంటికి వచ్చేది తక్కువే కావచ్చు. కాలేజీ సైట్లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్లో ముందే లెక్కేసుకోండి.

మీ మూడింటిలో అయితే నేను ముందుగా యూఏఏ జట్టు ఆటే చూస్తాను, ముఖ్యంగా మీ అమ్మాయి ఆడే స్థానంలో ఇప్పుడు ఎవరున్నారు, వాళ్లు ఏ ఏడు బయటికెళ్తారు అని. 15-2 జట్టు తన కాన్ఫరెన్స్ బయట ఎవరితో ఆడిందో వెతకండి. గట్టి జట్లతో ఆడి నిలబడి ఉంటే తప్పకుండా వెళ్లి చూడండి. ఎన్‌ఏఐఏ కాలేజీ వాళ్లు చెప్పిన స్కాలర్‌షిప్ ఎన్నేళ్లకు, గాయమై ఒక సీజన్ ఆడలేకపోతే ఉంటుందా పోతుందా, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి.