మూత తీసి చూస్తే తెలిసేవి: పీసీ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో వాడిన ఆఫీసు డెస్క్‌టాప్‌లు రెండు చూశాను. రెండూ 'కోర్ ఐ5, 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ' అనే చెబుతున్నారు కానీ, ఒకటి దాదాపు సగం ధరకే వస్తోంది. పిల్లల చదువుకి, అప్పుడప్పుడు ఆటలకి కావాలి. 'ఐ5 అంటే ఐ5యే సార్' అంటున్నాడు షాపతను. నిజమేనా?
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: కాదండీ. ఐ5 అన్నది తరగతి పేరు మాత్రమే, అసలు సంగతి దాని వెనకున్న అంకెల్లో ఉంటుంది. ఐ5-4570 అంటే నాలుగో తరం, 2013 నాటిది. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పాత రకం డీడీఆర్3 ర్యామ్. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, 2018 నాటిది. ఆరు కోర్లు, డీడీఆర్4. చివరి మూడంకెలు వదిలేస్తే ముందు మిగిలేదే తరం. 10400 అని ఉంటే పదో తరం అన్నమాట.

ఈ తేడా వేగంతో ఆగదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, ఒకటీ అరా తప్పిస్తే, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. నాలుగో తరం మెషీన్‌లో విండోస్ 11 ఎక్కించి చూపిస్తే, తనిఖీలను దాటవేసి ఎక్కించారని అర్థం. పని చేస్తుంది. కానీ ఏటా వచ్చే పెద్ద వెర్షన్లు దానంతటవి రావు, ప్రతిసారీ మళ్లీ అదే తంటా. లైనక్స్ వేసుకునే ఉద్దేశం ఉంటే మాత్రం ఆ సగం ధర పెట్టె మంచి బేరమే.

డబ్బు కట్టేముందు మూత తీయించండి. తీయనంటే అక్కడ కొనకండి. మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు, తుప్పు, నీటి మరకలు ఉన్నాయేమో చూడండి. ఆన్ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళితే ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతముందో, ఎన్ని గంటలు నడిచిందో చెప్పేస్తుంది. అదే పెన్‌డ్రైవ్‌ని ముందూ వెనకా ఉన్న ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. తర్వాత రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. డెల్‌లో ఎఫ్2, లెనోవో థింక్‌సెంటర్‌లో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ పాస్‌వర్డ్ అడిగిందా, ఆ పెట్టె వదిలేయండి. పాత కంపెనీ పెట్టిన తాళం అది. చాలా ఆఫీసు మోడళ్లలో మదర్‌బోర్డు మీది కాయిన్ సెల్ (నాణెం లాంటి బ్యాటరీ) తీసినా పోదు.

ఆటలు అన్నారు కాబట్టి పెట్టె సైజు కూడా ముఖ్యమే. అరచేతిలో పట్టే మైక్రో మోడల్‌లో ల్యాప్‌టాప్ ర్యామ్ ఉంటుంది, మామూలు గ్రాఫిక్స్ కార్డుకి చోటే ఉండదు. సన్నటి ఎస్‌ఎఫ్‌ఎఫ్ పెట్టెలో సగం ఎత్తు కార్డు మాత్రమే పడుతుంది. దాని ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) ఆకారం, కనెక్టర్లు కంపెనీ సొంతవి కాబట్టి బజారులో దొరికే మామూలు ఏటీఎక్స్ రకం ఎస్‌ఎంపీఎస్ బిగదు. టవర్ మోడల్ తీసుకోండి. అందులోనూ సాధారణంగా 200–300 వాట్ల సరఫరానే ఉంటుంది కాబట్టి విడిగా పవర్ కేబుల్ అడగని కార్డే ఎంచుకోండి. స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే అది నడుస్తుంది.

ఇంకొకటి. ఈ ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. 'డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ' కేబుల్ కొనండి. పేరు తిరగేసి ఉన్న కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ అటువైపు పని చేయదు.

ప్రశ్న: ఐ5-8500 ఉన్న డెస్క్‌టాప్‌లో 3200 వేగం ర్యామ్ రెండు స్టిక్కులు వేశాను. 2666 అనే చూపిస్తోంది. నకిలీ సరుకు అంటగట్టారా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: సరుకు మీద అనుమానం వద్దు. ఆ ప్రాసెసర్ అధికారికంగా తీసుకునే గరిష్ఠ వేగమే 2666. దానికి మించి నడపాలంటే బోర్డులో ఎక్స్‌ఎంపీ సదుపాయం ఉండాలి, ఆఫీసు బోర్డుల్లో అది ఇవ్వరు. ఈ వేగం కంటే రెండు స్టిక్కులూ సరైన జంట స్లాట్లలో ఉండటమే ముఖ్యం. విడిగా కొన్న నాలుగు స్లాట్ల బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే సాధారణంగా రెండు, నాలుగు. బ్రాండెడ్ పెట్టెల్లో క్లిప్పుల రంగు చూసుకోండి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో ఈ జంట కుదిరితే ఆటల్లో తేడా కంటికే తెలుస్తుంది.

ప్రశ్న: 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ వేయించాలా? రెండింటికీ ఒకేసారి డబ్బు లేదు. నేనే బిగించుకోవచ్చా?
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ చాలనప్పుడు విండోస్ మిగతాది డిస్క్ మీద రాసుకుంటుంది. ఆ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ అయితే, చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలో సెకనుకి వంద పనులు చేయడమే గగనం. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేలల్లో చేస్తుంది. అందుకే దాన్ని మారిస్తే ర్యామ్ కొరత కూడా కొంత కప్పుకుపోతుంది. తర్వాత వీలు చూసుకుని ర్యామ్‌ని 8 జీబీకి పెంచండి.

ఏది కొనాలన్నది లోపల చూశాకే. హార్డ్ డిస్క్ ఉన్న చోట 2.5 అంగుళాల, 7 మిల్లీమీటర్ల మందం సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. ఎం.2 స్లాట్ (చిన్న పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే గాడి) కూడా కనిపిస్తే జాగ్రత్త. ఒకే ఆకారంలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు జాతులున్నాయి, స్లాట్ ఒప్పుకోని జాతి పెడితే కనిపించనే కనిపించదు. బంగారు పళ్ల దగ్గర రెండు గాట్లుంటే సాధారణంగా సాటా, ఒక్క గాటుంటే ఎన్‌వీఎంఈ. సాటా సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మూడో తరం ఎన్‌వీఎంఈ 3500 దాకా పోతుంది. రోజువారీ పనిలో ఆ తేడా పెద్దగా తెలియదు లెండి. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి రావడమే అసలైన గెంతు.

1 టీబీ డిస్క్‌ని 256 లేదా 512 జీబీలోకి కాపీ కొట్టే తంటా పడకండి. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పాత డిస్క్ కంటే చిన్న డిస్క్‌లోకి నేరుగా ఎక్కించదు. విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. విండోస్ 8 లేదా ఆ తర్వాతి విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌లకి లైసెన్సు కీ బయోస్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే తనే గుర్తుపడుతుంది. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే పాత డిస్క్‌లోని ఫొటోలు చేతికి రావు.

విప్పేటప్పుడు డీవీడీ డ్రైవ్ ఉంటే ముందు దాన్ని లాగేయండి. రబ్బరు పాదాల కింద దాగిన మరలు ఉంటాయి. వాటిని మరిచిపోయి మూత గుంజితే క్లిప్పులు విరుగుతాయి. పొడవు మరలు, పొట్టి మరలు వేరుగా పెట్టుకోండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు పైకి పొడుచుకొస్తుంది. పనికిరాని ఏటీఎం కార్డుతో అంచు లేపి, లోపల అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి. పాత హార్డ్ డిస్క్‌ని క్యాడీ అనే చట్రంలో పెట్టి డీవీడీ డ్రైవ్ స్థానంలో వాడుకోవచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాల్లో వస్తాయి, స్కేలుతో కొలిచి కొనండి.

ప్రశ్న: కొత్తగా అసెంబుల్ చేయించిన పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. చెప్పులేసుకుంటే ఏమీ లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అంతే. టూ పిన్ ప్లగ్ వాడమని ఎలక్ట్రీషియన్ సలహా.
– పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ఆ సలహా పాటించకండి. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు వచ్చే చోట నాయిస్ ఆపే ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే 230 వోల్టుల్లో సగం, అంటే 115 దాకా, రేకు మీద నిలుస్తుంది. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగమే కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా పోకపోవడానికి కారణమిదే, మంచి ఎస్‌ఎంపీఎస్‌లన్నిటిలో ఈ ఫిల్టర్ ఉంటుంది. లోపం గోడలో ఉంది. ఇలా ఉన్నప్పుడు టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే ఆ పోర్టులు కాలిపోవచ్చు. రేపు లోపల నిజంగానే ఫేజ్ తీగ బాడీకి తగిలితే మనిషికే ప్రమాదం.

సాకెట్‌లో మల్టీమీటర్‌తో చూడాల్సినవి మూడు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపు రావాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. రెండో రీడింగు బాగా తక్కువగా ఉన్నా, ఊగుతున్నా ఎర్త్ తీగ ఎక్కడో తెగిందని లెక్క. అలవాటు లేకపోతే ఇది ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. గోడ సాకెట్ సరిగా ఉండి ఎక్స్‌టెన్షన్ బోర్డులో తేడా వస్తే, బోర్డు మార్చండి. చవక స్పైక్ బస్టర్లు కొన్నిటిలో ఎర్త్ పిన్ అలంకారానికే ఉంటుంది.

కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్‌కి ముక్క తీగతో కలిపేస్తారు. జిల్లు మాయమవుతుంది, నిజమే. కానీ ఏ రోజైనా న్యూట్రల్ తెగితే ఆ మరుక్షణం క్యాబినెట్ అంతా 230 వోల్టులు. నీళ్ల పైపుకి కట్టడమూ వద్దు. ఇంటికి సరైన ఎర్త్ పిట్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. పిట్ ఉన్న ఇళ్లలో ఎండాకాలం అది ఎండిపోకుండా నీళ్లు పోస్తుండాలి.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు వేశాక కరెంటు పోగానే 600 వీఏ యూపీఎస్ ఉన్నా పీసీ ఆగిపోతోంది. ఇన్వర్టర్ మీద పెట్టుకోవచ్చా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: 600 వీఏ అని రాసి ఉన్నా అది మోసేది సాధారణంగా 360 వాట్లే. లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ. రెండు మూడేళ్లకి అది అలసిపోయి ఉంటుంది. కార్డు, ప్రాసెసర్ కలిసి ఆట మధ్యలో ఒక్కసారిగా లాగితే చేతులెత్తేస్తుంది. బ్యాటరీ మార్చి చూడండి. లోడు నిజంగానే ఎక్కువైతే 1000 వీఏ పైన, ప్యూర్ సైన్ వేవ్ (మెట్లు లేని నున్నటి తరంగం) రకం తీసుకోండి. యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్‌ల మెట్ల తరంగాన్ని తట్టుకోలేవు.

ఇన్వర్టర్ మీద నడుస్తుంది, కానీ వెనక ఉన్న స్విచ్ 'యూపీఎస్' వైపు ఉండాలి. 'ఎకో' వైపు ఉంటే కరెంటు మారే వ్యవధి ఎక్కువ, ఎస్‌ఎంపీఎస్ దాదాపు 16 మిల్లీసెకన్లకి మించి ఊపిరి బిగబట్టలేదు. లేజర్ ప్రింటర్ మాత్రం యూపీఎస్‌కీ, ఇన్వర్టర్‌కీ తగిలించకండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి డెస్క్‌టాప్ తెస్తానంటున్నాడు. ఇక్కడి కరెంటుకి పనికొస్తుందా?
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉంటే కేబుల్ మార్చుకుంటే చాలు. పాతవాటికి వెనక 115/230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. 115లో ఉంచి ఇక్కడ ప్లగ్ పెడితే 'ఢాం' అంటుంది. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కానీ ఆ వెసులుబాటు డెస్క్‌టాప్‌కి లేదు. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కొనకముందే కనుక్కోమనండి.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో ఎక్స్‌పీ మెషీన్ మీద పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతో ఇప్పటికీ శుభలేఖలు చేస్తున్నాం. రోజూ పొద్దున్నే తేదీ వెనక్కి పోతోంది, ఎఫ్1 నొక్కమంటోంది. మెషీన్ చచ్చేలోపు ఏం చేయాలి?
– పాఠకుడు, తెనాలి

జవాబు: తేదీ సంగతి తేలికే. మదర్‌బోర్డు మీద సీఆర్2032 కాయిన్ సెల్ అయిపోయింది. ప్లగ్ తీసి, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయోస్‌లో తేదీ సరిచేయండి.

అసలు పని డిస్క్‌ని కాపాడుకోవడం. మెషీన్ ఆపి, హార్డ్ డిస్క్ తీసి, ఐడీఈ (పాతకాలపు వెడల్పాటి కేబుల్ రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్‌తో ఇంకో పీసీకి కలపండి. డిస్క్ వెనక జంపర్ (పిన్నుల మీది చిన్న తొడుగు) 'మాస్టర్'లో ఉండాలి. చాలా కన్వర్టర్లు అలా అయితేనే గుర్తిస్తాయి. ఫైళ్లు విడిగా కాకుండా క్లోన్‌జిల్లాతో మొత్తం డిస్క్ ఇమేజ్ తీసి రెండు చోట్ల పెట్టండి. ఫాంట్స్ ఫోల్డర్ విడిగా కూడా దాచండి. అనులో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫాంట్లు లేని చోట పాత ఫైలు పిచ్చిగీతల్లా తెరుచుకుంటుంది.

తర్వాత ఎనిమిదో తరం పైన ఏదైనా పెట్టెలో వర్చువల్‌బాక్స్ (పీసీ లోపల ఇంకో పీసీని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, ఆ ఇమేజ్‌ని క్లోన్‌జిల్లాతోనే అందులోని వర్చువల్ డిస్క్‌లోకి ఎక్కించి నడపండి. డిస్క్ కంట్రోలర్‌గా సాటా కాకుండా ఐడీఈ ఎంచుకోండి, లేకపోతే ఎక్స్‌పీ చివర 7బి ఉన్న ఎర్రర్‌తో నీలి తెర వేస్తుంది. ఇంటర్నెట్ మాత్రం ఆ ఎక్స్‌పీకి ఇవ్వకండి, షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఫైళ్లు బయటికి తీసుకోండి. సాఫ్ట్‌వేర్ తాళం యూఎస్‌బీ డాంగిల్ అయితే వర్చువల్ మెషీన్‌కి అందించవచ్చు. పాత ప్రింటర్ పోర్టుకి తగిలించే రకమైతే అంత తేలిగ్గా లొంగదు. అప్పుడు పాత బోర్డునే నడుపుకుంటూ, అదే మోడల్ బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఒక్కోటి విడిగా కొని పక్కన పెట్టుకోవడమే దారి.