వైజాగ్‌లో గే అని చెప్పుకుని స్టేజి ఎక్కితే జనం ఒప్పుకుంటారా?

ప్రశ్న అడిగిన తమ్ముడు ఇక్కడే డ్యాన్స్ నేర్చుకుంటున్నాడట. గే అని బయటికి చెప్పేస్తే స్టేజి మీద బతకనిస్తారా, ఫ్యామిలీ ఆడియన్స్ మామూలు ఆర్టిస్టులాగే చూస్తారా అని అడుగుతున్నాడు.

చూస్తారు తమ్ముడూ. జనంతో గొడవ లేదు, గొడవంతా మధ్యలో ఉండేవాళ్ళతోనే. ఈ ఊళ్ళో సంగీత్‌లకీ, కాలేజీ ఫెస్టులకీ, అపార్ట్‌మెంట్ ఫంక్షన్లకీ యాంకరింగ్ చేసుకుని బతుకుతున్నవాణ్ణి నేను. గేనని దాచుకోను. నన్ను పిలిచేవాళ్ళకీ తెలుసు, పిలవనివాళ్ళకి ఇంకా బాగా తెలుసు. ఈవెంట్ మేనేజరు, కమిటీ సెక్రటరీ, పెళ్ళికూతురి మేనమామ, ఎవరు ఫోన్ చేసినా ఒకటే పాట: "నాకేటీ ఇబ్బంది లేదు బాబూ, జనం ఏటనుకుంటారో అని." ఆ జనం ఎవరో నాకు ఇంతవరకూ కనబడలేదు. స్టేజి దిగాక సెల్ఫీకి వచ్చేవాళ్ళయితే కాదు.

మధురవాడ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి ప్రోగ్రాం చేశాను. నిమజ్జనం ముందురోజు రాత్రి. కమిటీ పెద్దాయన నన్ను జనరేటర్ పక్కకి తీసుకెళ్ళి, మాట ఎవరికీ వినబడదని ధైర్యం వచ్చాక అడిగారు: "టీవీ స్కిట్లలో చేస్తారు చూడు, చెయ్యి ఇలా వంచి, నడుం తిప్పుకుంటూ... అలాంటిది ఒక పది నిమిషాలు వెయ్యి. పిల్లలు నవ్వుతారు. ఒక వెయ్యి ఎక్కువిస్తాం." చెయ్యనన్నాను. నడుం తిప్పడం రాక కాదు, కూచిపూడి నేర్చుకున్నవాణ్ణి, మీకంటే బాగా తిప్పగలను అన్నాను. దానికి ఆయన నవ్వలేదు. సరే అయితే హౌసీ వరకూ నువ్వు చేసి వెళ్ళిపో, లడ్డూ పాట వేరేవాళ్ళతో పెట్టిస్తాం, దేవుడి పని కదా అన్నారు.

నన్ను చూసి నవ్వడానికి దేవుడు అడ్డురాలేదు. లడ్డూ దగ్గరికి వచ్చేసరికి దేవుడు గుర్తొచ్చాడు.

తీరా ఆ టైముకి పాట పాడించాల్సిన మాస్టారికి గొంతు లేదు. పందిట్లో రోజూ మైకు పట్టుకుని అరిచి అరిచి గాలి తప్ప మాట రావట్లేదు. పది దాటితే పోలీసులొచ్చి సౌండ్ ఆపేయిస్తారు. మైకు నా చేతికే వచ్చింది. ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టిన లడ్డూ, దాని మీద పిన్ను గుచ్చిన వంద నోటు, పక్కన కొబ్బరికాయ. పది వేల నూట పదహార్లతో మొదలెట్టాను. నిమిషాల్లో బి బ్లాకూ డి బ్లాకూ పోటీ పడ్డాయి. పాట మంచి వేడి మీద ఉండగా వెనక బైకుల దగ్గర్నుంచి ఒక కుర్రాడు గట్టిగా అరిచాడు, "ఒరేయ్ తేడా!" అని.

జనరేటర్ తప్ప అన్నీ ఆగిపోయాయి. "అవును బావా, తేడానే. బి బ్లాక్‌కీ డి బ్లాక్‌కీ ఐదు వేలు తేడా. నువ్వు పెంచుతావా, కూర్చుంటావా?" అన్నాను మైకులో. ముందు నవ్వింది ఆడవాళ్ళు. మొదటి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఒక మామ్మగారు వెనక్కి తిరిగి, "పెంచరా గుంటడా! నోరుంటే సరిపోద్దేటి, జేబులో ఉండొద్దూ?" అంది. వాడు పెంచలేదు. వాళ్ళ నాన్న పెంచారు. లడ్డూ వాళ్ళింటికే వెళ్ళింది, తట్ట ఎత్తి ఆయన నెత్తిన పెట్టింది నేనే. మరుసటేడు కమిటీ నుంచి ఫోనొచ్చింది. నడుం ప్రస్తావన లేదు. లడ్డూ పాట నువ్వే పాడించాలి, రేటు మాత్రం పోయినేడుదే అన్నారు.

కాబట్టి నా లెక్క ఇది. నవ్వించడానికి ఎవణ్ణయినా పిలుస్తారు, అది ఆదరణ కింద రాయకు. నలుగురూ సీరియస్‌గా తీసుకునే పని నీ చేతికిచ్చారా లేదా, అది చూడు. ఇంగ్లండు పాప్ గాయకుడు ఎల్టన్ జాన్ సంగతే తీసుకో. 1976లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో నేను బైసెక్సువల్‌నని, అంటే ఆడా మగా ఇద్దరూ ఇష్టమేనని చెప్పాడు, తర్వాత గేనని చెప్పాడు. 1997లో ప్రిన్సెస్ డయానా అంత్యక్రియలకి, రాజకుటుంబం ఎదురుగా, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పాడమని పిలిచింది ఆయన్నే. మరుసటేడు సర్ బిరుదిచ్చారు. అంతకుముందు ఎన్ని కోట్ల రికార్డులు అమ్ముడుపోయినా నేను లెక్కలోకి తీసుకోను. చావింటికి పిలిచారా లేదా, అంతే.

అదే 1997లో అమెరికాలో ఎలెన్ డిజెనెరస్ అనే టీవీ కామెడీ నటి నేను గేనని టైమ్ పత్రిక కవర్ మీదే చెప్పేసింది. మరుసటేడు ఆవిడ సీరియల్ ఆపేశారు. ఆపింది జనమా? ఛానలా? నా అనుమానం నాకుంది. 2003లో పగటిపూట టాక్ షోతో తిరిగొచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళు పని చేసుకుంటూ చూసే టైము. 2022 దాకా నడిచింది, మధ్యలో 2007లో ఆస్కార్ వేదిక కూడా చేతికిచ్చారు. చివర్లో, 2020లో, ఆ షోలో పని వాతావరణం బాగాలేదని ఉద్యోగులు ఆరోపణలు చేశారు. చెడ్డ సంగతే. కానీ గమనించు, అప్పుడు జనం తిట్టింది బాస్‌ని తిట్టినట్టు. అందుకే నాకు సినిమా మీద కంటే టీవీ మీద నమ్మకం ఎక్కువ. రోజూ ఇంట్లోకి వచ్చేవాణ్ణి ఎంతకాలమని వింతగా చూస్తారు?

మనవాళ్ళకి మగవాడు చీర కట్టడం కొత్తేం కాదు. సత్యభామ వేషమంటే స్థానం నరసింహారావు గారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. ఇద్దరికీ పద్మశ్రీలిచ్చాం. అది వేషం, అది కళ. మొహం కడుక్కుని ప్యాంటు షర్టు వేసుకుని వచ్చినవాడు "నాకు మగవాళ్ళంటే ఇష్టం" అంటేనే మనకి చిక్కు. కామెడీ స్కిట్లు ఆ చిక్కుని సొమ్ము చేసుకుంటున్నాయి. అలాంటి స్కిట్లలో ఆడవేషాలు వేసి వచ్చిన ప్రియాంక సింగ్ 2021లో బిగ్ బాస్ ఐదో సీజన్‌కి ట్రాన్స్ మహిళగా వెళ్తే, మా వీధిలో ఆడవాళ్ళు కూర్చుని ఓట్లు వేశారు. ట్రాన్స్ వేరు, గే వేరు, రెండూ ఒకే గంపలో వెయ్యకండి. అయినా ఓటు వేసిన చెయ్యి జనానిదే కదా అని చెప్తున్నా.

మగవాడు మగవాడితో ఉంటే నేరమన్న పాత చట్టం సెక్షన్ 377, ఆ కేసు తీర్పు ఎవరి పేరు మీద ఉందో తెలుసా? నవతేజ్ సింగ్ జోహార్. భరతనాట్యం కళాకారుడు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదన్నప్పుడు కాగితం మీద ఉన్నది ఒక డ్యాన్సర్ పేరు, నీలాగే. మనలాంటివాళ్ళకి పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబరులో అదే కోర్టు ఇవ్వలేమంది, పార్లమెంటు చూసుకోవాలంది. వారం వారం పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని "వధూవరులకు చప్పట్లు" అనే నాకు ఆ రోజు తీర్పు వింటుంటే ఎలా ఉండి ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఇంకో బాధ, గేకి సంబంధం లేనిది. షూటింగ్‌కి మన బీచ్ కావాలి, భీమిలి రోడ్డు కావాలి, కొండ మీద రామానాయుడు స్టూడియో కావాలి. ఆడిషన్‌కి మాత్రం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోవాలి. అక్కడ ఒక ఛానలాయన నా షోరీల్ మొత్తం చూసి, "బాగుంది, కానీ ఆ విషయం కొంచెం తగ్గించుకుంటావా?" అన్నాడు. రీల్లో ఆ విషయమే లేదు.

చెప్పడమా మానడమా అంటే, ముందు నీ తిండి, నీ గది అద్దె నీ చేతిలో ఉన్నాయా చూసుకో. ఇంట్లోవాళ్ళ మీద ఆధారపడి ఉంటే తొందరేం లేదు. చెప్పాక మాత్రం వెకిలి స్కిట్లు ఒప్పుకోకు, ఒకసారి ఒప్పుకుంటే అదే నీ రేటు కార్డు అయిపోతుంది. ఇక అడ్వాన్సు సగం చేతిలో పడందే స్టేజి ఎక్కకు. పెందుర్తి దగ్గర ఒక సంగీత్ వాళ్ళు నాకు ఇంకా డబ్బులివ్వలేదు. గేనని ఎగ్గొట్టారేమో అని మొదట తెగ బాధపడ్డాను. తర్వాత తెలిసింది, కీబోర్డు అతనికీ ఇవ్వలేదట, ప్యాడ్స్ వాయించినతనికీ ఇవ్వలేదట, పూల డెకరేషన్ ఆయనైతే ఇప్పటికీ వాళ్ళ గేటు ముందు తిరుగుతున్నాడట.