మాక్ 0.90 అడిగే యజమానికి ఏ లెక్క చూపించాలి

కొత్తపేట, కోనసీమ

చిరంజీవి శ్రీనుకి మావయ్య దీవెనలు.

బిజినెస్ జెట్ల డిస్పాచ్ (ప్రయాణానికి ఎత్తు, వేగం, ఇంధనం లెక్కగట్టే పని) ఉద్యోగంలో చేరుతున్నావు కదా, ముందు ఇది గట్టిగా పట్టుకో. విమానం బ్రోషర్‌లో వేసే రేంజి, అంటే ఒకసారి ఇంధనం నింపితే పోగల దూరం, ఒక్క వేగానికే వర్తిస్తుంది. గల్ఫ్‌స్ట్రీమ్ జీ650ఈఆర్ మాక్ 0.85లో (ధ్వని వేగంలో 85 శాతం) 7,500 నాటికల్ మైళ్లు పోతుంది, మాక్ 0.90లో 6,400 మాత్రమే. 5,000 నాటికల్ మైళ్ల ప్రయాణంలో కలిసొచ్చేది అరగంట పైచిలుకు. మైలుకి కాలే ఇంధనం మాత్రం ఆరో వంతు పెరుగుతుంది. ధ్వని వేగానికి దగ్గరయ్యేకొద్దీ రెక్క మీద షాక్ తరంగాలు పుట్టి డ్రాగ్ (గాలి నిరోధం) ఎగబాకుతుంది, ఇందులో ఇంజిన్ తప్పేం లేదు. విమాన యజమాని మాక్ 0.90లో పొమ్మని తొందరపెడితే ఈ అంకెలు పక్కపక్కన రాసి చూపించు, ఆయనే తేల్చుకుంటారు.

అవసరానికి మించి ఇంధనం పోయించకు. అదనంగా మోసే బరువులో గంటకి సుమారు 3 శాతం మోయడానికే ఖర్చయిపోతుంది. పదిగంటల ప్రయాణంలో అది చాలా ఎక్కువ.

ఎత్తు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ట్యాంకులు నిండుగా ఉండగానే పైపైకి ఎక్కిస్తే ముక్కు పైకెత్తి ఎగరాలి, బఫెట్ మార్జిన్ (రెక్క మీద గాలి చెదిరి విమానం వణకడానికి ముందున్న ఎడం) సన్నబడుతుంది, ఉన్న థ్రస్ట్ (ఇంజిన్ తోపు) అంతా వాడినా వేగం నిలవదు. పడమటికి పోయేటప్పుడు 40,000 అడుగుల దగ్గర మొదలుపెట్టి, బరువు తగ్గేకొద్దీ 43,000, 47,000కి ఎక్కించు. మన అక్షాంశాల్లో 35,000 అడుగుల దగ్గర గాలి ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే తరచు పది డిగ్రీలు వేడిగా ఉంటుంది, అక్కడ ఇంజిన్‌కి ఊపు తక్కువ. 47,000 దగ్గర మైనస్ 70కి దిగుతుంది, ఊపు బాగుంటుంది గానీ ఇంధనం చల్లబడుతుంది. జెట్ ఏ-1 గడ్డకట్టే హద్దు మైనస్ 47. ట్యాంకు ఉష్ణోగ్రత దానికి మూడు డిగ్రీల దూరంలోకి వస్తే కిందికి దిగాలి, లేదా వేగం పెంచాలి. మాక్ 0.01 పెంచితే రాపిడి, ఒత్తిడి వల్ల సుమారు 0.7 డిగ్రీ వేడెక్కుతుంది.

మే నెల మధ్యాహ్నం మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి టేకాఫ్ అయితే వేరే లెక్క. చాలా ఇంజిన్లు సముద్ర మట్టం దగ్గర 30 డిగ్రీల దాకానే పూర్తి థ్రస్ట్ ఇస్తాయి. ఆపైన టర్బైన్ వేడి హద్దు అడ్డొస్తుంది. అక్కడ రన్‌వే పొడవు 3,165 మీటర్లు, ఆ దిగులు లేదు. ఒక ఇంజిన్ ఆగితే మిగిలినదానితో ఎక్కే శక్తి చాలుతుందా అన్నదే చూడు. చాలకపోతే తెల్లవారుజామున బయల్దేరదీయి.

తీరం గాలిలో ఉప్పు, కోతల కాలంలో దుమ్ము ఇంజిన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడ్లకి పట్టేస్తాయి. అదే ఎన్1 (ఇంజిన్ ముందు ఫ్యాన్ తిరిగే వేగం) దగ్గర టర్బైన్ వేడి, ఇంధన ప్రవాహం రెండూ నెలనెలా పెరుగుతుంటే కంప్రెసర్ వాష్ అడుగు. ఇంజిన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆపి, బ్లీడ్ వాల్వులు (కంప్రెసర్ గాలిని క్యాబిన్‌కి వదిలేవి) మూసి, డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీటితోనే కడగాలి. బోరు నీళ్లు వద్దు, అందులో లవణాలు బ్లేడ్ల మీదే మిగిలిపోతాయి. బ్లీడ్ మూయకపోతే నీళ్లు క్యాబిన్ గాలి గొట్టాల్లోకి పోతాయి. తర్వాత ఇంజిన్ నడిపి ఆరబెట్టాలి. అప్పటికీ వేడి తగ్గకపోతే ముందు సెన్సరు, బ్లీడ్ లీకు చూడమని చెప్పు, ఆ తర్వాతే బోరోస్కోప్ (ఇంజిన్ లోపలికి పంపే సన్నటి కెమెరా).

మీ మావయ్య