టెక్ సందేహాలు: పసుపు లైటు వెలిగితే తప్పు ఇంజనుదేనా?

ప్రశ్న (బంగారుపాళెం నుంచి ఒక మామిడి రైతు): కొత్త ఇంజనుతో వచ్చిన డీజిల్ పికప్ కొని ఆరు నెలలైంది. తోట నుంచి మార్కెట్ యార్డుకు, అక్కడి నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి తిప్పుతున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు పసుపు లైటు వెలిగి బండి లాగడం మానేసింది. షోరూములో ల్యాప్‌టాప్ తగిలించి ఏదో చేసి పంపుతారు. పది రోజులకు మళ్లీ మామూలే. ఇంజనులోనే లోపం ఉందా సార్?

ఫోన్ల శీర్షికకు బండి సంగతి రాశానని మొహమాటపడ్డారు. అక్కర్లేదు, ఇప్పటి డీజిల్ ఇంజను సగం ఇనుము, సగం సాఫ్ట్‌వేర్. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి సీజనులో ఆ గేటు ముందు బండ్ల వరుస ఎలా ఉంటుందో చిత్తూరు జిల్లాలో ఒకరికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంజను ఆపకుండా పది అడుగులు కదలడం, అరగంట నిలబడడం. జబ్బు అక్కడే మొదలై ఉండవచ్చు.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి చేరింది. మెకానిక్కులు డీపీఎఫ్ అనేది దాన్నే. పట్టిన మసిని అది ఎప్పటికప్పుడు కాల్చేసుకోవాలి, అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. జల్లెడకు ముందూ వెనకా ఒత్తిడిలో తేడా చూసి, నిండిందని కంప్యూటర్‌కు తోచినప్పుడు కాస్త డీజిల్ అదనంగా చిమ్మించి ఆ వేడి పుట్టిస్తుంది. పని పూర్తికావాలంటే పావుగంట, ఇరవై నిమిషాలు బండి ఆగకుండా పరుగెత్తాలి. ఆ సమయంలో బండిని నిలిపితే ఇంజను మామూలుకన్నా వేగంగా తిరుగుతుంటుంది, ఫ్యాను హోరెత్తుతుంది, కింద నుంచి కాలిన వాసన వస్తుంది. మన డ్రైవర్లు వేడెక్కిందనుకుని తాళం తిప్పి ఆపేస్తారు!

దానివల్ల మసి మిగలడం ఒక్కటే కాదు. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. రేపు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చూసే కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ పై గీత దాటి, వేళ్ల మధ్య జిడ్డు లేకుండా పలచగా జారుతూ డీజిల్ వాసన కొడుతుంటే ఇక ఆలస్యం చేయవద్దు, మార్పించండి. ఆయిల్ తగ్గితే కంగారుపడే మనం పెరిగితే పట్టించుకోము. ఈ ఇంజన్లలో పెరిగిన ఆయిలే టర్బోను, బేరింగులను తినేస్తుంది. కొత్తగా పోసేది కూడా బండి పుస్తకంలో రాసిన బూడిద తక్కువ రకమే కావాలి. మసి కాలుతుంది కాని బూడిద కాలదు, జల్లెడలోనే పేరుకుంటుంది.

పసుపు లైటు వెలగగానే లోడుతో మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు దాకా ఆపకుండా వెళ్లి రండి. ఎర్ర లైటు వస్తే మాత్రం నడపవద్దు.

ఇంత చేసినా తిరిగి వస్తే నేరం మీది కాదు. "మీరు హైవే మీద నడపడం లేదు" అని షోరూమువాళ్లు పంపేస్తే ఊరుకోకండి. ఆస్ట్రేలియాలో 2015 నుంచి 2020 దాకా అమ్మిన టొయోటా హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో డీజిల్ బండ్లలో ఈ జల్లెడ హైవే వేగంతో తరచూ నడిపినప్పుడే సరిగా పనిచేయలేదని 2022లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. కనుక వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు మీద లోపం కోడు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాయించుకోండి. కోడు చెరిపి పంపడం మరమ్మతు కాదు. జల్లెడ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వారంటీ పోతుంది, పైగా చట్టవిరుద్ధం.

ప్రశ్న (తిరుపతి): ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ఓబీడీ పరికరంతో ఆ కోడు మనమే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోనుకు కలపడమే. ఐఫోన్ అయితే పాత బ్లూటూత్ రకం కలవదు, వైఫై రకమో బ్లూటూత్ ఎల్ఈ రకమో తీసుకోండి. పి2463 అని వస్తే మసి పేరుకుంది. పి0087 అయితే నాజిళ్లకు చేరే డీజిల్ ఒత్తిడి పడిపోయింది. అది జల్లెడ గొడవ కాదు, డీజిల్ ఫిల్టరు, పంపు చూపించాలి. ముందు కోడు ఫొటో తీసుకోండి. ఆ యాప్‌లో కోడ్లు చెరిపే బటన్ ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. మీ చేతిలోని సాక్ష్యం అదొక్కటే.

ప్రశ్న (రేణిగుంట): పొగ శుద్ధికి బండిలో విడిగా పోసే డీఈఎఫ్ ద్రవం ధర ఎక్కువగా ఉంది. పొలానికి వేసే యూరియానే నీళ్లలో కలిపి పోయవచ్చా?

వద్దు. డీఈఎఫ్ అంటే శుద్ధి చేసిన నీటిలో 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా. ఎరువులోని మలినాలు, బోరునీటిలోని లవణాలు కలిస్తే పాడయ్యే భాగం ధరతో కొన్నేళ్లకు సరిపడా డీఈఎఫ్ వస్తుంది.

ప్రశ్న (చంద్రగిరి, పాల బండి యజమాని): సరికొత్త ఇంజనుతో ఒక పికప్ వస్తోంది. ఇప్పుడే బుక్ చేయనా?

నేనైతే ఏడాది ఆగుతాను. అమెరికాలో 2003 మోడల్ ఫోర్డ్ పికప్‌లలో వచ్చిన 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్‌లో ఈజీఆర్ కూలర్లు (ఇంజనులోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగాలు), హెడ్ గ్యాస్కెట్లు వరసగా పోయాయి. ఫోర్డ్‌కూ, ఆ ఇంజను చేసి ఇచ్చిన నావిస్టార్‌కూ మధ్య తగవు కోర్టుకెక్కింది. చివరికి 2011 మోడల్‌కు ఫోర్డ్ సొంతంగా 6.7 లీటర్ల ఇంజను తయారు చేసుకుంది. మొదటి విడత కొన్నవారే పరీక్షకులయ్యారన్నమాట. పైగా ఊరూరా ఆగి క్యాన్లు ఎక్కించుకునే బండి మీది, ఆ జల్లెడకు ఇంతకన్నా పగవాడు లేడు. రోజుకు ముప్ఫై కిలోమీటర్లు దాటకపోతే సీఎన్‌జీ రకం చూడండి. ముందు మాత్రం మీ దారిలోని సీఎన్‌జీ బంకు తెల్లవారుజామున నాలుగింటికి తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.