పిప్పిపన్ను నుంచి మెడ ఆపరేషన్ దాకా

ప్రశ్న: డాక్టరు గారూ! మా నాన్నగారికి 58 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేస్తారు. 12 ఏళ్లుగా షుగరు ఉంది. కింది దవడలో పిప్పిపన్ను నొప్పి పెడితే మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకున్నారు. మూడో రోజుకు గడ్డం కింద వాచింది. గవదబిళ్లలేమోననుకుని పసుపు, సున్నం కలిపి పట్టు వేశాం. మర్నాటికి నోరు తెరవలేకపోయారు, మాట ముద్దగా వచ్చింది. ఆసుపత్రిలో ఆ రాత్రే మెడ కోసి చీము తీశారు. కుట్లు వేయకుండా గాయాన్ని అలాగే ఉంచి, మరో రెండు రోజులకు మళ్లీ ఆపరేషన్ చేశారు. మొదటిసారి సరిగా చేయలేదేమోనని బంధువులు అంటున్నారు. జ్వరం కూడా పెద్దగా లేని మనిషికి ఇంత ఎందుకు జరిగింది? డిశ్చార్జి కాగితంలో ‘లుడ్విగ్స్ ఆంజైనా’ అని ఉంది, గుండెజబ్బు కూడా ఉందా? ఇన్సులిన్ ఇక జీవితాంతం తప్పదా? అమ్మకూ షుగరే, ఆమెకు మెడ వెనుక సెగ్గడ్డ లేచింది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా మీ బంధువుల అనుమానం తీర్చాలి. ఇలాంటి ఇన్ఫెక్షన్‌లో రెండోసారి, ఒక్కోసారి మూడోసారి కూడా థియేటరుకు తీసుకెళ్లడం చికిత్సలో భాగమే. చచ్చుబడిన కణజాలం ఎంతవరకు ఉందో మొదటి రోజే పూర్తిగా తేలదు. ఆ రోజు బాగానే కనిపించిన భాగం 24 నుంచి 48 గంటల్లో నల్లబడవచ్చు. అందుకే గాయాన్ని తెరిచి ఉంచి, మళ్లీ చూసి, చెడినదాన్ని తొలగిస్తారు. తొందరపడి కుట్లు వేసి ఉంటేనే అనుమానించాల్సి వచ్చేది.

గుండె విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. నాలుక కింద, గడ్డం కింద రెండు వైపులా వేగంగా పాకే ఈ వాపును 1836లో వర్ణించిన జర్మన్ వైద్యుడి పేరు లుడ్విగ్. ఇక్కడ ఆంజైనా అంటే గొంతు బిగదీసుకుపోవడం.

ఇక పన్ను సంగతి. కింది దవడలో చివరనుండే దంతాల వేళ్లు, నోటి అడుగున అడ్డంగా పరుచుకుని ఉండే కండరం దవడకు అతుక్కున్న చోటికంటే దిగువకు వెళ్తాయి కాబట్టి, అక్కడ పట్టిన చీము నోట్లోకి కాకుండా నేరుగా మెడలోకి దారి చేసుకుంటుంది. మెడలో కండరాలను, అన్నవాహికను, రక్తనాళాలను చుట్టి ఉన్న పొరల మధ్య సందులు ఛాతీ లోపలి వరకూ ఉంటాయి. చీము అక్కడికి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. మెడతో పాటు ఛాతీకి కూడా సి.టి. స్కాన్ తీసేది అందుకే.

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులను వెంటాడి మింగే తెల్లరక్తకణాలు మందగిస్తాయి. ఇన్ఫెక్షన్ వల్ల చక్కెర మరింత పెరుగుతుంది, పెరిగిన చక్కెర ఇన్ఫెక్షన్‌కు మేలు చేస్తుంది. క్రిములు పొరల వెంట పాకుతూ, చర్మానికి రక్తం అందించే చిన్న నాళాలు గడ్డకట్టేలా చేస్తాయి. చెదపట్టిన గుమ్మానికి పైన రంగు చెక్కుచెదరనట్లే, మొదట్లో చర్మం మామూలుగానే కనిపిస్తుంది. ఆ దశలో పైకి కనిపించే వాపుకు పొంతన లేనంత నొప్పి ఉంటుంది. తరువాత చర్మం ఊదారంగుకు తిరగడం, బొబ్బలు లేవడం, నొక్కితే చిటపటలాడడం కనిపించవచ్చు. నరాలు కూడా దెబ్బతింటే నొప్పి తగ్గి, ఆ చోటు మొద్దుబారుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని నయమవుతోందని భ్రమపడతారు.

జ్వరం లేకపోవడానికి నొప్పి బిళ్లలే కారణం కావచ్చు, అవి జ్వరాన్నీ అణచివేస్తాయి. పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే మందుల్లో స్టెరాయిడ్ కూడా కలిస్తే వాపు కాస్త తగ్గినట్లుంటుంది గానీ చక్కెర అమాంతం పెరుగుతుంది. నాన్నగారు వేసుకున్న బిళ్లలేవో మీరు రాయలేదు. ఆ అట్ట ఉంటే ఈసారి డాక్టరుకు చూపించండి.

ఇన్సులిన్ జీవితాంతం అని ఇప్పుడే నిర్ణయించనక్కరలేదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో ఒంట్లో ఊరే ఒత్తిడి హార్మోన్లు పెంచే చక్కెరకు బిళ్లలు చాలవు. గాయం పూర్తిగా మానాక హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు చూసి కొందరిని మళ్లీ బిళ్లలకు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఒక్క డోసు కూడా తగ్గించవద్దు. మూత్రపిండాల డాక్టరు వద్దనకపోతే గుడ్లు, పప్పు, చేపలు పెట్టండి, గాయం పూడడానికి మాంసకృత్తులు కావాలి. ఆ పిప్పిపన్ను తీశారో లేదో మీ ఉత్తరంలో లేదు. తీయకపోతే దంతవైద్యుడి దగ్గరకు వెళ్లడం ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యం.

అమ్మగారి సెగ్గడ్డ వేరే రకం. మెడ వెనుక చర్మం మందం కాబట్టి, పక్కపక్కనే ఉన్న వెంట్రుకల కుదుళ్లకు చీముపట్టి పలు నోళ్లతో లేస్తుంది. దీన్నే రాచకురుపు అంటారు. పిండవద్దు, సూదితో గుచ్చవద్దు, ఆకుపసర్లు, సున్నం పూయవద్దు. ఈ రోజే షుగరు పరీక్ష చేయించి సర్జన్‌కు చూపించండి. ఎరుపు చుట్టూ పాకుతున్నా, మధ్యలో నల్లబడినా, చలిజ్వరం వచ్చినా, షుగరు 250 దాటినా మర్నాటిదాకా ఆగవద్దు. ఇక దవడ కింద వాపుతో పాటు మింగలేకపోవడం, చొంగ కారడం, గొంతు మారడం, పడుకుంటే ఊపిరాడకపోవడం వీటిలో ఏది ఉన్నా క్లినిక్‌ల చుట్టూ తిరగకుండా 108కి ఫోన్ చేసి, రాత్రయినా సరే ఇ.ఎన్.టి. సర్జన్, మత్తు డాక్టరు ఉండే పెద్దాసుపత్రికి, మీ ఊళ్లో అయితే ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కు వెళ్లండి. దారిలో బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకెళ్లండి.