జీటీఆర్‌లో ఏబీఎస్ తీసేయొచ్చా? తీయొచ్చు, సెన్సర్లు తప్ప

బ్రదర్, రేస్ ట్రాక్ కోసం మీ నిస్సాన్ ఆర్32 స్కైలైన్ జీటీఆర్ కారులో ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా, అంటే తిరగడం ఆగి జారకుండా చూసే సిస్టమ్) మొత్తం పీకేద్దామా అని అడిగారు కదా. మాడ్యులేటర్ (బ్రేక్ ప్రెషర్‌ను తగ్గించి పెంచే ఏబీఎస్ భాగం) తీసేయండి. చక్రాల స్పీడ్ సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ముందు చక్రాలకు ఎంత పవర్ పంపాలో అటెసా (ఈ కారు ఫోర్ వీల్ డ్రైవ్ సిస్టమ్) లెక్కేసుకునేది ఆ సెన్సర్లతోనే. అవి పోతే మీది ఉత్త వెనక చక్రాల పవర్‌తోనే నడిచే బండి!

మాడ్యులేటర్ తీశాక పాత బ్రేక్ పైపులు వంచి సర్దకండి, కొత్తవి చేయించండి. వెనక లైన్‌లో అడ్జస్టబుల్ బయాస్ వాల్వ్ (వెనక బ్రేకులకు వెళ్లే ప్రెషర్ ఎంతుండాలో సెట్ చేసేది) వేసి, ప్రెషర్ బాగా తగ్గించి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. ఎప్పుడైనా ముందు చక్రాలే మొదట లాక్ కావాలి. వెనకవి మొదట లాకైతే కారు గిర్రున తిరిగిపోతుంది.

నన్నడిగితే, తగ్గే ఆ కాస్త బరువు కోసమే అయితే వద్దంటాను.