పూలు కోస్తుంటే జారిపోయిన నల్లపూసల గొలుసు మెటల్ డిటెక్టర్‌తో దొరుకుతుందా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారు పక్కింటివాళ్ల ఖాళీ స్థలంలో పూలు కోస్తుంటే నల్లపూసల గొలుసు ఎక్కడో జారిపోయింది, ఆ స్థలం ఓనరు ఊళ్లో ఉండరు, మెటల్ డిటెక్టర్ కొని మనమే వెతుక్కోవచ్చా అని.

దొరికే అవకాశం బాగానే ఉంది. కొనడం సంగతి తర్వాత. ముందు ఆ స్థలంలోకి ఎవరినీ వెళ్లనివ్వకండి. పార వేయొద్దు, గడ్డి పీకొద్దు, నీళ్లు పెట్టొద్దు. ఈమధ్యే జారిన నగ నేల మీదో, గడ్డి మొదళ్లలోనో ఉంటుంది. వెతుకుతామని పదిమంది దిగి తొక్కితే అది మట్టిలోకి దిగబడిపోతుంది. అమ్మగారు ఏ మొక్క దగ్గర మొదలుపెట్టారు, ఎటు నుంచి బయటికి వచ్చారు, ఎక్కడ వంగారు, కొంగు ఎక్కడ ముళ్లకు తగులుకుంది, ఇవన్నీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగి కాగితం మీద గీసుకోండి. ఈ పని సరిగా చేస్తే సగం వెతికినట్టే.

మాది చిత్తూరు జిల్లా. మామిడి తోటలో పూడిపోయిన పాత జీఐ పైపులు, వాల్వులు ఎక్కడున్నాయో చూసుకోవడానికి డిటెక్టర్ కొన్నాను. అది తెలిసి చుట్టుపక్కల ఎవరి ఉంగరం పోయినా, కమ్మ మర వదులై పడిపోయినా నన్ను పిలుస్తున్నారు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

నల్లపూసల గొలుసు కష్టమైన వస్తువు. కారణం చెబుతాను. డిటెక్టర్ కర్ర చివర ఉండే కాయిల్ (తీగ చుట్టిన బిళ్ల) నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న కరెంటు సుళ్లు పుడతాయి. మెషిన్ వాటిని పసిగట్టి మోగుతుంది. ఉంగరమైతే బంగారమంతా ఒకే చుట్టు, కరెంటు హాయిగా తిరుగుతుంది, బాగా మోగుతుంది. గొలుసులో ఏ లంకెకు ఆ లంకె విడిగా ఉంటుంది. కాసుల కొద్దీ బరువున్నా మెషిన్‌కు మాత్రం ఒక్క సన్న లంకె ఉన్నట్టే అనిపిస్తుంది. నల్లపూసలు గాజు కాబట్టి వాటికి మోతే ఉండదు. కాబట్టి మీరు వెతకాల్సింది లాకెట్‌ను, గుండ్లను, ఎస్ కొక్కేన్ని. మా వదిన గొలుసు పోయినప్పుడు మోగింది లాకెట్టే, గొలుసంతా దానికే తగులుకుని గరిక కింద ఉంది.

అందుకే మెషిన్ ఆన్ చేయగానే నడవడం మొదలుపెట్టకండి. ఇంట్లో అలాంటి గొలుసే ఇంకొకటి ఉంటే దారం కట్టి అదే స్థలంలో గడ్డి మీద పెట్టి, పైన కాయిల్ ఆడించి చూడండి. ఎంత ఎత్తు నుంచి మోగుతోంది, ఏ శబ్దం వస్తోంది, తెర మీద ఏ నంబరు కనిపిస్తోంది చూసుకోండి. మీరు వెతకాల్సిన శబ్దం అదే. కొన్ని మెషిన్లలో చెత్త లోహాలను వదిలేసే సెట్టింగు ఉంటుంది. మందుబిళ్లల అట్టల రేకు, సిగరెట్ పెట్టె రేకు మోగే నంబర్ల దగ్గరే సన్న బంగారమూ మోగుతుంది. రేకు మోత విసుగనిపించి దాన్ని ఆపేస్తే గొలుసు కూడా పోతుంది. ఓపిక పట్టి ప్రతి మోతా చూడాల్సిందే.

కొన్నా, అరువుకో అద్దెకో తెచ్చినా ముందు ఫ్రీక్వెన్సీ (ఆ అయస్కాంత క్షేత్రం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) అడగండి. 15 కిలోహెర్ట్జ్, అంతకంటే ఎక్కువ ఉన్నవి సన్న బంగారాన్ని బాగా పడతాయి. తక్కువ ఫ్రీక్వెన్సీవి నాణేలకు, వెండి మెట్టెలకు బాగుంటాయి. కాయిల్ చిన్నదైతే మేలు. పది అడుగుల లోతు చూపిస్తుందని చెప్పి లక్షలు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఉంగరమంత వస్తువును మామూలు మెషిన్ జానెడు లోతు వరకు పట్టుకుంటే గొప్ప, మీకు అంత లోతు అవసరం కూడా లేదు. సినిమా హాలు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు పట్టుకునే చిన్న డిటెక్టర్ దొరికినా ఉపయోగమే. తీసి పడేసిన గడ్డి, చెత్తకుప్ప, పేడదిబ్బ లాంటివాటిని కొంచెం కొంచెంగా పరిచి దానితో చూడొచ్చు.

వెతికేటప్పుడు తాడు కట్టి వరుసలు చేసుకోండి. కాయిల్ నేలకు రెండు మూడు వేళ్ల ఎత్తులో, నేలకు సమాంతరంగా, నెమ్మదిగా ఆడాలి. ఒక ఊపుకూ ఇంకో ఊపుకూ మధ్య ఖాళీ వదలకూడదు. ఒక దిక్కుగా అయ్యాక అడ్డంగా మళ్లీ ఒకసారి వెతకండి. ఎర్రమట్టి అయితే అందులోని ఇనుముకే మెషిన్ గొడవ చేస్తుంది, ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోవాలి, అంటే మట్టికి మోగకుండా మెషిన్‌ను సర్దుకోవాలి. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు తీగలు, నడుస్తున్న బోరు మోటారు ఉంటే ఊరికే కూస్తుంది. మా వైపు బోరు మోటార్లు నడిచే త్రీఫేజ్ కరెంటు లేని టైం చూసుకుని మొదలుపెడతాం. సెల్‌ఫోన్ ఇంట్లో పెట్టి రండి. మోగిన చోట వేళ్లతో గడ్డి విడదీసి చూడండి. పార పోటు తగిలితే సన్న గొలుసు తెగిపోతుంది.

ఇక స్థలం ఓనరు సంగతి. పక్కింటివాళ్లే కదా, రోజూ పూలకు వెళ్తాం కదా అని డిటెక్టర్ పట్టుకుని దిగొద్దు. ఫోన్ చేసి విషయం చెప్పి, వాట్సాప్‌లో ఒక్క వాక్యమైనా ఒప్పుకున్నట్టు రాయించుకోండి: ఏం పోయింది, ఏ రోజు వెతుకుతారు, తీసిన మట్టి మళ్లీ పూడుస్తారని. ఆ నేలను ఎవరైనా కౌలుకు చేస్తుంటే వాళ్లనూ అడగాలి, నష్టపోయేది వాళ్ల పైరు. ఓనరు తరఫున ఒకరిని దగ్గర నిలబెట్టుకోండి.

ఇది నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో డిటెక్టర్ కనపడగానే జనానికి గుప్తనిధులే గుర్తొస్తాయి. నిధుల కోసం పాత గుళ్లు, కోటలు తవ్వి పట్టుబడ్డవాళ్ల వార్తలు పేపర్లో తరచూ చూస్తూనే ఉంటాం. కాబట్టి పగలే వెతకండి. ఇంటి ఆడవాళ్లు, పెద్దవాళ్లు అక్కడే ఉంటే ఎవరికీ అనుమానం రాదు. రాత్రి టార్చి లైటుతో అస్సలు వెళ్లొద్దు. చుట్టుపక్కలవాళ్లకు, సర్పంచ్‌కు ఒక మాట చెప్పి ఉంచండి. మా దగ్గర చంద్రగిరి కోటలా ప్రభుత్వ రక్షణలో ఉన్న చోట అయితే వ్యవహారమే వేరు. అక్కడ మీరే తవ్వకూడదు, సిబ్బందికి చెప్పాలి.

వెతుకుతుంటే పాత నాణేలు, పాత్ర లాంటివి బయటపడితే అక్కడితో ఆపేయండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు పడొచ్చు. ఇంకెవరిదో ఉంగరం దొరికినా అది మీది కాదు, ఓనరుకు చూపించి ఎవరిదో కనుక్కోండి.

గొలుసు పోయిన రోజున పూలు కోయడానికి సాయం వచ్చిన పనమ్మాయి గురించి కూడా రాశారు. దయచేసి స్థలం మొత్తం వెతికేదాకా ఆమె పేరు ఎత్తకండి. నగ పోగానే అంజనం వేయించడం, చెప్పిన పోలికలను బట్టి పనివాళ్లను నిలదీయడం నేను చూశాను. ఆ నగ తర్వాత బట్టలుతికే బండ పక్కన దొరికింది. ఆ అమ్మాయి మాత్రం ఆ ఇంటికి మళ్లీ పనికి రాలేదు.

స్థలంలో మోత రాకపోతే పూలబుట్ట అడుగు, ఆ రోజు కట్టుకున్న చీర మడతలు, జాకెట్ కుట్లు, ఇంటికి వచ్చిన దారి, కాళ్లు కడుక్కున్న చోటి కాలువ చూడండి. స్థలం ఎన్ని సెంట్లు, మట్టి నల్లదా ఎర్రదా, మీకు దొరికిన మెషిన్ ఏ మోడలో కింద రాయండి. దానికి ఏ సెట్టింగు పెట్టాలో చెబుతాను.